రాయపురము స్టేషను

చెన్నపట్టణమున బీచి స్టేషనులో అరక్కోణము వైపు పోవు లోకల్ బండి నెక్కిన ప్రయాణికుడు తన చేతిసంచిని సర్దుకొని కూర్చుండునంతలోనే బండి మొదటి మజిలీని చేరి నిలుచును. కొందఱు దిగుదురు, కొందఱు ఎక్కుదురు. క్షణకాలములో బండి చాకలిపేట వైపు కదలిపోవును. మెయిలు బండ్ల రద్దీ అక్కడ లేదు. పెట్టెలు మోయు కూలీల కేకలు లేవు. దూరదేశములకు పోవువారిని సాగనంప వచ్చిన బంధువుల కన్నీళ్లు లేవు. కచ్చేరీలకును దుకాణములకును పనికి పోవువారు, చదువుకొను పిల్లలు, గంపలతో తిరుగు చిల్లర వర్తకులు, వీరే యా స్టేషనుకు నిత్యాతిథులు. దాని పేరు రాయపురము.

ఆ కొద్దిమంది ప్రయాణికులలో నైనను తాము త్రొక్కుచున్న నేల యెట్టిదో యెఱిగినవా రెందఱు? దక్షిణదేశమున మొట్టమొదట ప్రయాణికుల రైలు కదలినది ఇచ్చటి నుండియే. 1856వ సంవత్సరము జూన్ 28వ తేదీన గవర్నరు హారిస్ ప్రభువు ఈ స్టేషనుకు ప్రారంభోత్సవము జరిపెను. జూలై 1వ తేదీన సామాన్య ప్రజల రాకపోకలు మొదలయ్యెను. భారతదేశ మంతటిలో నిది మూడవ రైలు మార్గము. 1853 ఏప్రిలు 16వ తేదీన బొంబాయి నుండి ఠాణాకును, 1854 ఆగస్టు 15వ తేదీన హౌరా నుండి హుగ్లీకిని బండ్లు నడచినవి. అయితే ఆ రెండు చోట్లను నాటి స్టేషను కట్టడములు కాలగర్భమున గలిసిపోయినవి. బోరీబందరు చెంత 1888 నాటికి విక్టోరియా టెర్మినస్ అను మహాసౌధము లేచెను. హౌరాలో 1905లో నేటి భవనము వెలసెను. పేరులో మూడవదైన రాయపురము, నిలుకడలో మొదటిదైనది. దేశమున నేటికిని నిలిచి వాడుకలో నున్న స్టేషను భవనములలో నిదియే మిక్కిలి ప్రాచీనము.

అట్టి కట్టడము విషయమున మన కుండవలసిన భావ మెట్టిది? పరదేశీయులు తమ ప్రయోజనమునకై కట్టుకొన్న యిల్లని విడిచివేయవలెనా? లేక దొరలు మనకు దయచేసిన నాగరకతాచిహ్నమని నమస్కరింపవలెనా? ఈ రెండును తప్పుడు త్రోవలే. ఆ యింటి లెక్కలను ఒకసారి తిరుగవేసి చూచినచో నిజము తేటపడును.

రాయపురము అను పేరు విన్నంతనే తెలుగువానికి రాయల వంశము తలపునకు వచ్చుట సహజము. కాని యీ రాయడు కిరీటము దాల్చిన రాజు కాడు. క్రీస్తు శిష్యుడైన పీటరును అఱవ క్రైస్తవులు రాయప్ప రని పిలుతురు. ఆయన పేరిట దేవాలయమును కట్టుకొన్న పడవవాండ్ర పేట గనుక నిది రాయపురమైనదని చెప్పుదురు. ఆ కాలమున చెన్నపట్టణమునకు కట్టిన రేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేయగా, తాళ్లతో కుట్టిన మసూలా పడవలలో మనుష్యులను, సరకులను ఎగసిపడు నలల మీదుగా ఒడ్డునకు చేర్చినవారు ఈ పడవవాండ్రే. కోటకు ఉత్తరమున, దొరలు నల్లపట్టణ మని పిలిచిన నేటి జార్జిటౌనునకు ఆవల, వర్తకులకును సముద్రమునకును చేరువగా నున్నందున ఇచ్చటనే మద్రాసు రైల్వే కంపెనీ తన మొదటి స్టేషనును కట్టెను. విలియం అడెల్పీ ట్రేసీ యను నతడు దానికి రూపము దిద్దెను. ఎత్తయిన స్తంభముల వరుసతో పాశ్చాత్య వాస్తురీతి ననుసరించిన ఆ కట్టడము, దాని చిత్రములు లండను పత్రికల కెక్కి సముద్రము దాటిపోవునంతటి కీర్తి నార్జించినది.

రాయపురమునకు పూర్వము ఈ ప్రాంతమున ఇనుపపట్టాలే లేవని తలపరాదు. 1837 నాటికే చెన్నపట్టణము చెంత ఎఱ్ఱకొండల నుండి రాళ్లు మోయుటకు ఒక చిన్న పట్టాల మార్గము వేయబడినది. దానిని వేయించినవాడు కెప్టెను ఆర్థరు కాటన్. ఆంధ్రులకు ఈ పేరు పరిచయము చేయ నక్కఱలేదు. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టునప్పుడును ఆయన రాళ్లను పట్టాలపైననే తెప్పించెను. అనగా తెలుగుదేశమున ఇనుపపట్టాలు మొదట మోసినది దొరలను గాదు, దూదిబేళ్లను గాదు. పొలములకు నీరు మళ్లించు రాళ్లను. ఆ కాటనే తరువాత రైలు మార్గముల విషయమున ప్రభుత్వమువారితో తీవ్రముగా విభేదించెను. ఈ దేశమునకు మొదట కావలసినవి నీటి కాలువలనియు, అవి పొలమును తడుపుటయే గాక పడవలను మోయుననియు, వానిపై సరకుల రవాణాకు రైలుపై నగునంత వ్యయము కాదనియు ఆయన వాదము. 1852లో పూర్తియైన గోదావరి ఆనకట్టయే ఆయనకు సాక్ష్యము. అయినను ఆ వాదము పాలకుల చెవి కెక్కలేదు. సైన్యములను త్వరగా తరలించుటకును, ప్రత్తిని రేవులకు చేర్చి సీమ సరకును లోపలికి పంపుటకును ఇనుపదారులే తగినవని 1853లో డల్హౌసీ ప్రభువు తన నివేదికలో నిర్ణయించెను. ఆ సంవత్సరముననే చెన్నపట్టణమున పని ఆరంభమయ్యెను.

ఇక లెక్కల విషయము. మద్రాసు రైల్వే కంపెనీ లండనులో పుట్టినది. వాటాదారులు అక్కడివారు. మూలధనము అక్కడ పోగైనది. కాని పూచీ మాత్రము ఇక్కడిది. భూమిని ప్రభుత్వము ఉచితముగా నిచ్చెను. పెట్టిన సొమ్ముపై నూటికి సుమారు 5 వంతున వడ్డీ తప్పక ముట్టునట్లు హామీ యిచ్చెను. రైలుకు లాభము వచ్చినచో వాటాదారులకు ముట్టును; రాకున్నచో లోటును భారతదేశపు ఖజానా పూడ్చవలెను. ఆ ఖజానాను నింపినవారెవరు? భూమిశిస్తు చెల్లించిన రైతు, ఉప్పు పన్ను చెల్లించిన కూలి. లాభనష్టములు రెండింటిని భరించువాడే వ్యాపారి యని లోకన్యాయము. ఈ వ్యాపారమున లాభ మొకరిది, నష్టము మఱియొకరిది. ఈ దేశమున ఆర్థికసభ్యుడుగా నుండిన మాసీ దొరయే 1872లో పార్లమెంటువారి విచారణసంఘము నెదుట ఈ గుట్టు విప్పెను. హామీ సొమ్ము దొరకుచున్నంత కాలము, తాను పెట్టిన ధనము ఇటుకయు సున్నమునై నిలిచినను, హుగ్లీ నదిలో పాఱవేయబడినను, ఆంగ్ల ధనికునికి భేదము లేకపోయెనని ఆయన సాక్ష్య మిచ్చెను. దాదాభాయి నౌరోజీ, రమేశచంద్ర దత్తు మొదలగు మహనీయులు దేశసంపద యే దారిని తరలిపోవుచున్నదో లెక్కకట్టినప్పుడు ఈ రైల్వే హామీలను ప్రత్యేకముగా నెత్తి చూపుట కారణము లేనిది కాదు.

ప్రారంభదినమున నడచిన బండ్లును ఈ లెక్కకు తగినట్లే యుండెను. నాడు రాయపురము నుండి రెండు బండ్లు బయలుదేరినవి. ఒకదానిలో గవర్నరును, సుమారు 300 మంది ఐరోపీయులును మార్గాంతము వరకు పోయిరి. స్వదేశీయుల నెక్కించుకొన్న రెండవ బండి తిరువళ్లూరు వరకు పోయి ఆగెను. ఆ బండ్ల పెట్టెలను నిర్మించినది చెన్నపట్టణపు సింప్సన్ కంపెనీ యని చెప్పుదురు. అనగా పెట్టెలు చేసిన చేతులు మనవారివి, పట్టాలు పఱచిన చేతులు మనవారివి, హామీ మనది, తుద వరకు పోవు గౌరవము మాత్రము వేఱొకరిది. ఆర్కాటు సీమలోని వాలాజా వరకు నాడు తెఱవబడిన మార్గము 60 మైళ్లకు పైబడినది. అందు తిరువళ్లూరు 30 మైళ్లకు లోపుననే యున్నది. ఉత్సవదినముననే రాజులకు పూర్ణయాత్ర, ప్రజలకు అర్ధయాత్ర. తరువాత వచ్చిన మొదటి తరగతి, మూడవ తరగతి అను భేదములకు ఇదియే నాందీశ్లోకము.

హిందువులు కులాచారభీతిచే రైలెక్కరని కొందఱు దొరలు జోస్యము చెప్పియుండిరి. ఆ జోస్యము వట్టిదైనది. జనులు తండోపతండములుగా నెక్కిరి. ప్రయాణికుల వలన రైల్వేలకు వచ్చు రాబడిలో పెద్ద భాగము మూడవ తరగతి టిక్కెట్ల నుండియే వచ్చుచుండెను. ఆ తరగతి పెట్టెలలో మాత్రము మఱుగుదొడ్డి సౌకర్యము సహితము చిరకాలము లేకపోయెను. కంపెనీలను పోషించినవానికి కూర్చుండ చోటు లేదు. వాని మూలమున పోషింపబడినవానికి మెత్తని పఱుపులు. గాంధీమహాత్ముడు 1917లో మూడవ తరగతి ప్రయాణముపై వ్రాసిన చిన్నపుస్తకము ఈ యన్యాయమునకు శాశ్వతసాక్ష్యము. ఆ తరగతి పేరు 1974లో గాని మన రైళ్ల నుండి తొలగలేదు.

రాయపురమునకును తెలుగుదేశమునకును గల బంధము అంతకంతకు గట్టిపడినది. మార్గము పశ్చిమమున బేపూరు వరకు సాగి 1862 నాటికి మలబారు తీరమును ముట్టెను. రెండవ శాఖ అరక్కోణము వద్ద చీలి రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు, ఆదవానుల మీదుగా పోయి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో గలిసెను. దత్తమండలములవారికి చెన్నపట్టణము దినములకొలది బండిప్రయాణముగా గాక ఒకటి రెండు దినముల ప్రయాణమయ్యెను. వ్యాజ్యములకు హైకోర్టునకు, చదువులకు కాలేజీలకు, అచ్చుకూటములకు, అంగళ్లకు వచ్చు తెలుగువారికి పట్టణద్వార మీ దారియే. 1899లో బెజవాడ మార్గము కూడ చెన్నపట్టణమును చేరిన తరువాత సర్కారు జిల్లాలవారును ఇట్లే వచ్చుచుండిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి చెన్నపట్టణము మన యెల్లకు వెలుపల నిలిచినను, ఆ పట్టణమున మన పూర్వులు దిగిన మెట్లు మనకు పరాయివి కానేరవు.

రాయచూరు మార్గము పూర్తియైన అయిదేండ్లకే దానికి ఘోరపరీక్ష వచ్చెను. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును కాల్చిన ధాత కరువు నాడు బళ్లారి, కడప, కర్నూలు సీమలలో లక్షలకొలది జనులు మడసిరి. రైలు ఉన్నచో కరువు చావులుండవని పాలకులు చెప్పుచుండిన మాట. రైలు ఉండెను. ఓడలలో వచ్చిన బియ్యము చెన్నపట్టణపు ఇసుకతిన్నెలపై గుట్టలుగా పడియుండెను. బస్తాలు ఇనుపదారిని లోపలికి పోవుచునే యుండెను. ఈ మేలును కాదనుట సత్యము గాదు. ఆ దారియే లేకున్న మరణము లింకను హెచ్చియుండెడివి. కాని ధాన్యము చేరుట వేఱు, గింజ నోటికి చేరుట వేఱు. రైలు ధాన్యమును తెచ్చినట్లే, ఒకచోటి హెచ్చు ధరను మఱియొక చోటికి మోసికొని పోయెను. పంట పండిన తావున సహితము ధరలు మండెను. పని లేక కూలి లేక చేత కాసు లేనివాడు, స్టేషనులో బస్తాలను కన్నులార చూచుచు ఆకలితో చచ్చెను. కాలువ పొలమునకు నీరిచ్చి పంటను పుట్టించును. రైలు పుట్టిన పంటను మోయును. పుట్టించుటను మఱచి మోయుటకే ధనము వెచ్చించిన రాజనీతికి ఫల మా కరువులో కనబడెను. 1880 నాటి కరువు విచారణసంఘము రైళ్లతో పాటు నీటిపారుదలయు అవసరమని చెప్పవలసివచ్చినది ఇందులకే.

ఆ కరువు దినములలో కూలిపనిగా పట్టణమున తవ్వించిన భాగముతో పూర్తియై, గవర్నరు పేర బకింగుహాము కాలువ యని పిలువబడిన జలమార్గము రాయపురమునకు ఎంతో దూరమున లేదు. బేసిన్ బ్రిడ్జి వద్ద నిలిచి చూచినవానికి కాలువయు ఇనుపదారియు ఒక్క చూపులో కనబడును. ఒకప్పుడు కృష్ణా గోదావరీ మండలముల బియ్యపు పడవలు ఆ కాలువపై పట్టణమునకు వచ్చెడివి. నేడు పట్టణపు టెల్లలలో అది మురికినీటి పాయగా మాఱినది. దాని నట్లు చేసినవారు ఆంగ్లేయులు గారు, మనమే. ఈ మాట చేదైనను చెప్పక తప్పదు. స్వరాజ్యమునకు పూర్వము మన కష్టములకు బాధ్యుని వెదకుట సులభముగా నుండెను. ఇప్పుడు వెదకినచో అద్దమునకే పోవలెను.

రాయపురపు వైభవము చిరకాలము నిలువలేదు. 1873లో పార్కుటౌనులో సెంట్రల్ స్టేషను లేచెను. దూరపు బండ్లు క్రమముగా అక్కడికి తరలిపోయినవి. 1907 కడపట మద్రాసు రైల్వే కంపెనీ ఒడంబడిక ముగియగా ప్రభుత్వము ఆ మార్గమును కొనెను. పుట్టుక నాడు హామీ యిచ్చినవారే, పోషణకు లోటు పూడ్చినవారే, తుదకు క్రయధనమును చెల్లించిరి. అంతటితో నైన అది ప్రజల చేతికి వచ్చెనా యన్నచో రాలేదు. 1908లో నిర్వహణమును మద్రాసు దక్షిణ మహారాష్ట్ర రైల్వే యను కంపెనీకి అప్పగించిరి. దాని ప్రధాన కార్యాలయము రాయపురముననే యుండి, 1922లో సెంట్రల్ చెంత కట్టిన క్రొత్త భవనమునకు మాఱెను. నాటితో రాయపురము పెద్దఱికము తీఱిపోయెను. 1944 ఏప్రిలు 1వ తేదీన కంపెనీ పరిపాలన ముగిసి రైల్వే ప్రభుత్వహస్తగత మయ్యెను. 1951 ఏప్రిలు 14వ తేదీన దక్షిణ రైల్వే యేర్పడెను. హారిస్ ప్రభువు తెఱచిన తలుపులకు, తొంబదియైదేండ్ల పిదప, స్వతంత్రభారత ప్రజలు యజమానులైరి.

యజమానులైన పిదప మన మేమి చేసితిమి? చాల కాలము ఆ కట్టడము జీర్ణించుచు నుండగా చూచుచు నూరకుంటిమి. పట్టణప్రముఖులును, చరిత్రాభిమానులును పలుమాఱులు మొఱపెట్టగా 2005లో మరమ్మతులు జరిగి స్తంభములకు మరల రూపు వచ్చెను. అది అభినందనీయము. సమీపముననే విద్యుత్ ఇంజనుల షెడ్డు పనిచేయుచున్నది. పూర్వము మోసిన బరువును స్టేషను మోయకున్నను ఆ యావరణము రైల్వేకు నేటికిని పనికివచ్చుచున్నది. పట్టణమున బండ్ల రద్దీ పెరిగినందున రాయపురమున మఱియొక పెద్ద టెర్మినస్ నిర్మింపవలెనన్న యాలోచన ఈ శతాబ్దారంభము నుండియు వినవచ్చుచున్నది. దానిపై వాదప్రతివాదములు కోర్టుల వరకు పోయినవి.

ఈ విషయమున మా మనవి యొక్కటే. ప్రజలకు సౌకర్యము కలుగు పనిని పాతరాళ్ల మీది మమకారముతో అడ్డగింపరాదు. అట్లే సౌకర్యము పేర పాతరాళ్లను పెల్లగించుట పాండిత్యము గాదు. క్రొత్త టెర్మినస్ రావలసియున్నచో రావచ్చును. అది పాత భవనమును మూలస్తంభముగా జేసికొని దాని వెనుకను ప్రక్కలను పెరుగవలెను గాని, దానిని మ్రింగి పెరుగరాదు. వట్టి ప్రదర్శనశాలగా తాళము వేసి యుంచుటయు మాకు సమ్మతము గాదు. స్టేషను అనునది బండి ఆగి జనము దిగినంత కాలమే స్టేషను. దాని గోడపై ఒక ఫలకమును నిలిపి, ప్రారంభించిన గవర్నరు పేరుతో పాటు దాని వెల చెల్లించిన ప్రజల మాటను గూడ దక్షిణదేశ భాషలలో వ్రాయింపవలెను. వడ్డీ యెంత, హామీ యెవరిది, మొదటి దినమున ఎవ రెంత దూరము పోయిరి, కరువు నాడు ఈ దారిని ఏమి నడచెను, ఇవి తెలిసికొనిన బాలుడు దాస్యమును ద్వేషించును, కట్టడమును ద్వేషింపడు.

దాస్యచిహ్నమును కాపాడుట యేల యని అడుగు మిత్రులు కొందఱుందురు. వారి హృదయము మంచిది; తర్కము మాత్రము నిలువదు. దొంగ మన సొమ్ముతో ఇల్లు కట్టి పోయినచో, ఇల్లు తిరిగి చేతికి వచ్చిన దినమున దానిని కూల్చుకొనుట దొంగపై పగ తీర్చుకొనుట కాదు. మన సొమ్మును మనమే రెండవసారి పోగొట్టుకొనుట. రాయపురము మనకు దొరలిచ్చిన దానము గాదు. తరతరముల శిస్తులతో, వడ్డీలతో, క్రయధనముతో మనము పూర్తిగా వెల చెల్లించి పుచ్చుకొన్న ఆస్తి. దానము పొందినవాడు ఉపేక్షించినను క్షమింపవచ్చును; వెల చెల్లించినవాడు ఉపేక్షించుట అవివేకము.

నేటికిని బీచి నుండి వచ్చు లోకల్ బండి రాయపురమున ఆగి, 1856 నాటి త్రోవనే పట్టి తిరువళ్లూరు చేరును. అక్కడ నిలిచిపోక అరక్కోణము వరకు సాగును. ఆనాడు గవర్నరు బండి పోగా మనవారి బండి ఆగిన తావును, నేడు కూలియు గుమాస్తాయు కొద్ది రూపాయల టిక్కెట్టుతో దాటిపోవుచున్నారు. ఎవరును వారిని దిగుమనరు. ఆ చిన్న స్టేషను తన నూటడెబ్బది యేండ్ల జీవితములో చూచిన గొప్ప మార్పు ఇదియే. చెన్నపట్టణమునకు పోవు తెలుగువారు ఒక పూట తీఱిక చేసికొని బీచి నుండి ఒక మజిలీ ప్రయాణము చేసి, ఆ స్తంభముల క్రింద నిలిచి, పిల్లలకు ఈ లెక్కలు చెప్పుదురు గాక.